ఇంటి ఫౌండేషన్, తెరిచిన లెక్కలు: కుటుంబాలు నడిపే చిన్న పర్యావరణ సంస్థలకు సమగ్ర మార్గదర్శి

ఒకే కుటుంబం నడిపే చిన్న పర్యావరణ ఫౌండేషన్‌లో లెక్కలు గందరగోళమయ్యేది చాలాసార్లు అలవాటు వల్లే. ట్రస్టీ ఇంటి కారు మొక్కలు మోస్తుంది, డీజిల్ బిల్లు ఫౌండేషన్ కడుతుంది. మొక్కలు కొన్న నర్సరీ బావమరిదిది. ఆఫీసు అని రాసుకున్నది ఇంట్లో పై గది. కూతురు వెబ్‌సైట్ చూసుకుంటుంది, అప్పుడప్పుడూ ఆమె చేతిలో కొంత పెడతారు. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాకపోవచ్చు. అయితే విరాళం ఇచ్చిన మనిషికి ఇవేవీ తెలియవు. తెలిసిన రోజున, ముందుగా చెప్పలేదు కాబట్టి, అన్నీ అనుమానంగానే కనిపిస్తాయి.

అందుకే ఇక్కడ ఖర్చుల శాతాలు, రంగురంగుల చార్టులు వెనక్కి పోతాయి. ముందు రాసి పెట్టాల్సింది ఎవరు ఎవరికి ఏమవుతారు, వాళ్లలో ఎవరికి ఫౌండేషన్ నుంచి ఏం అందుతోంది అన్నది. ఆడిట్ చేయిస్తున్నాం కదా, ఇంకేం కావాలి అంటారు కొందరు. ఆడిటర్ ప్రధానంగా చూసేది బిల్లు ఉందా, అంకె కుదిరిందా అని. ఆ నర్సరీలోనే ఎందుకు కొన్నారు అన్నది దాత అడిగే ప్రశ్న. దానికి జవాబు ఫౌండేషనే రాయాలి.

మొదటి మెట్టు: ఇంటి డబ్బును, ఫౌండేషన్ డబ్బును విడదీయండి

ఫౌండేషన్ పేరు మీద వేరే బ్యాంకు ఖాతా ఉండాలన్నది అందరికీ తెలిసిందే. తెలిసినా తప్పు జరిగేది ఇంటి క్రెడిట్ కార్డు దగ్గర. పని తొందరలో ఎవరో కార్డు గీస్తారు, నెలాఖరున ఫౌండేషన్ ఖాతా నుంచి గుండుగుత్తగా ఇంత అని తీసుకుంటారు. అలా తీసుకోవడం ఆపేయండి. ఎవరైనా సొంత డబ్బు ముందుగా ఖర్చు పెడితే ఒక్కో ఖర్చుకూ బిల్లు, తేదీ, దేనికోసం అన్న ఒక వాక్యం జతచేసి, వాళ్ల కుటుంబంలో లేని మరొకరు ఆమోదించాకే తిరిగి చెల్లించాలి.

కారు వాడితే లాగ్‌బుక్ పెట్టండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఏ పని మీద. కిలోమీటరుకు ఇంత అని ముందే తీర్మానం చేసుకుంటే డీజిల్ బిల్లులతో పనే ఉండదు. ఫోను, ఇంటర్నెట్, కరెంటు లాంటి ఉమ్మడి ఖర్చుల్లో ఫౌండేషన్ వాటా ఎంతో ఒకసారి లెక్కగట్టి, ఆ లెక్క ఎలా వచ్చిందో కాగితం మీద పెట్టి, ఏటా ఒకసారి మళ్లీ చూసుకోండి.

కుటుంబం ఫౌండేషన్‌కి అప్పు ఇవ్వడం కూడా మామూలే. ఇస్తే ఒక పేజీ ఒప్పందం రాయండి: ఎంత, వడ్డీ ఉందా, ఎప్పటికి తీర్చాలి. రాయకపోతే మూడేళ్ల తర్వాత అది అప్పో విరాళమో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. అప్పుడు అవసరాన్ని బట్టి ఒకసారి అప్పుగా, ఒకసారి విరాళంగా చెప్పుకుంటారు.

రెండో మెట్టు: సంబంధీకుల పట్టిక

అసలు పని ఇదే. మిగతావన్నీ వదిలేసి ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

ట్రస్టీలు, స్థాపకులు, పెద్ద మొత్తాలు ఇచ్చిన దాతలు, జీతం తీసుకునే ముఖ్య ఉద్యోగులు అందరి పేర్లూ ఒక పట్టికలో రాయండి. ఒక్కొక్కరి పక్కన వాళ్ల దగ్గరి బంధువులు, ఆ బంధువుల వ్యాపారాలు, వాళ్లు పదవుల్లో ఉన్న ఇతర సంస్థలు రాయండి. ఆ తర్వాత సంవత్సరం మొత్తం చెల్లింపులను ఈ పట్టికతో పోల్చి చూడండి. ఎక్కడ పేరు కలిసిందో ఆ లావాదేవీని విడిగా తీసి, ఎవరికి, ఎంత, దేనికి, ధర ఎలా నిర్ణయించారు అన్న నాలుగు సంగతులు నమోదు చేయండి.

బంధువు అంటే ఎంత దూరం వరకు? చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయి. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్లకు వర్తించే పన్ను చట్టం భార్య లేదా భర్త, పూర్వీకులు, పిల్లలు, మనవలు, మునిమనవలు, వాళ్ల జీవిత భాగస్వాములను లెక్కలోకి తీసుకుంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందులో లేరు. భారత ఆదాయపు పన్ను చట్టం తోబుట్టువులను, భార్య లేదా భర్త తోబుట్టువులను కూడా చేర్చింది. బావమరిది నర్సరీ అక్కడ పట్టికలోకి రాదు, ఇక్కడ వస్తుంది. చట్టం ఎక్కడ ఆగినా మీ పట్టిక అక్కడ ఆగనక్కర్లేదు. పెళ్లి పత్రికలో ఎవరి పేర్లు పడతాయో వాళ్లందరినీ చేర్చడం మంచి కొలత.

ధర విషయంలో ఒక హెచ్చరిక. మార్కెట్ కంటే తక్కువకే ఇచ్చాం కదా అన్న సమాధానం అన్ని చోట్లా చెల్లదు. అమెరికా చట్టం ప్రకారం ట్రస్టీ తన సొంత గదిని ఫౌండేషన్‌కి అద్దెకివ్వడం, అద్దె ఎంత తక్కువైనా, నిషిద్ధ లావాదేవీయే. ఉచితంగా ఇస్తే పర్వాలేదు. ఉల్లంఘిస్తే లాభపడిన మనిషి మీద ఆ మొత్తంలో ఏటా 10 శాతం, సరిదిద్దకపోతే ఆ పైన 200 శాతం పన్ను పడుతుంది. వృత్తిపరమైన, నిర్వహణకు సంబంధించిన సేవలకు సహేతుకమైన జీతం ఇవ్వడానికి మాత్రం మినహాయింపు ఉంది. బ్రిటన్‌లో అకౌంటింగ్ ప్రమాణాలు వేరే దారి పట్టాయి: ట్రస్టీలకు ఇచ్చిన ప్రతిఫలం మొత్తం చిన్నదే కదా అని వదిలేయడానికి వీల్లేదు, వార్షిక లెక్కల్లో చూపించాల్సిందే.

ఈ పట్టిక లేని చోట ఏమవుతుందో బ్రిటన్‌లోని కెప్టెన్ టామ్ ఫౌండేషన్ కథ చెబుతుంది. పర్యావరణ సంస్థ కాదు కానీ కుటుంబ సంస్థే. 2020లో తన తోటలో నడిచి ఆరోగ్య సేవల కోసం కోట్ల పౌండ్లు సేకరించిన వృద్ధ సైనికుడి పేరు మీద కుటుంబం దాన్ని పెట్టింది. 2024 నవంబరులో, అక్కడి దాతృత్వ సంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ విచారణ నివేదిక బయటికొచ్చింది. ఆ సైనికుడి పుస్తకాల ఒప్పందం అడ్వాన్సు, దాదాపు 15 లక్షల పౌండ్లు, కుటుంబ కంపెనీకి వెళ్లింది. ఇంటి ఆవరణలో కట్టుకున్న భవనానికి అనుమతి కోరేటప్పుడు ఫౌండేషన్ పేరు వాడారు. ఆ భవనంలో స్పా కొలను కూడా ఉంది. కుటుంబ ప్రయోజనానికి, ఫౌండేషన్ ప్రయోజనానికి మధ్య గీత చెరిగిపోయిందని కమిషన్ తేల్చింది. ఆ నివేదిక చదివితే విషయం అర్థమవుతుంది: బిల్లులు సరిపోయాయా అన్నది అక్కడ చిన్న విషయం, ఎవరి పేరుతో ఎవరికి లాభం కలిగింది అన్నదే పెద్దది.

మూడో మెట్టు: బయటి మనిషి, రెండో సంతకం

బోర్డులో కుటుంబం కాని వాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ మొహమాటానికి లొంగిపోతారు. వాళ్లిద్దరూ అల్లుడి స్నేహితులు కాకుండా, లెక్కలు చదవడం వచ్చినవాళ్లు ఒకరు, నేల గురించీ నీటి గురించీ తెలిసినవాళ్లు ఒకరు అయితే సరిపోతుంది.

చెల్లింపులకు రెండు సంతకాలు కావాలి, ఆ రెండూ ఒకే ఇంటివి కాకూడదు. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో కూడా ఒకరు ప్రవేశపెట్టి మరొకరు ఆమోదించే ఏర్పాటు ఉంటుంది. ఇద్దరి పాస్‌వర్డులూ ఒకే ఫోన్‌లో ఉంటే ఆ ఏర్పాటుకు అర్థం లేదు.

ఏ ట్రస్టీకి సొంత లాభం ఉన్న విషయం చర్చకు వచ్చినా, ఆ మనిషి ముందే చెప్పి, చర్చ నుంచీ ఓటు నుంచీ తప్పుకోవాలి. తప్పుకున్నట్టు మినిట్స్‌లో రాయాలి. కుటుంబ సభ్యుడికి జీతమిస్తుంటే ఎంతివ్వాలో బయటి ట్రస్టీలే నిర్ణయించాలి. అలాంటి పనికి ఇతర చిన్న సంస్థలు ఎంతిస్తున్నాయో రెండు మూడు ఉదాహరణలు చూసి, ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకోవాలి. జీతం తీసుకోవడం తప్పనే భావన ఒకటి ఉంది, దానితో నాకు ఏకీభావం లేదు. పూర్తికాలం పనిచేసే మనిషికి జీతం చూపించి ఇవ్వడం, జీతం లేదని చెప్పి ఖర్చుల పేరుతో ఇవ్వడం కంటే ఎంతో శుభ్రం.

నాలుగో మెట్టు: ఏ డబ్బు దేనికో

మడ అడవుల కోసం ఇచ్చిన డబ్బు ఆఫీసు అద్దెకు పోకూడదు. ఒక పనికని ఇచ్చిన విరాళాలను, దేనికైనా వాడుకోమని ఇచ్చిన వాటిని, కదపకుండా వడ్డీ మాత్రమే వాడాల్సిన మూలధనాన్ని పుస్తకాల్లో మూడు వేర్వేరు నిధులుగా చూపండి. బ్యాంకు ఖాతా ఒకటే అయినా ఫర్వాలేదు, లెక్క వేరుగా ఉంటే చాలు.

పర్యావరణ పనికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. విరాళం లెక్కల సంవత్సరం చివర్లో వస్తుంది, మొక్కలు వానలు పడ్డాకే నాటాలి. సంవత్సరాంతపు బ్యాలెన్స్ షీట్ చూసినవాళ్లకు డబ్బు పోగేసుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది. నాటిన తర్వాత రెండు మూడేళ్ల నీళ్లకూ కాపలాకూ పక్కన పెట్టిన డబ్బు కూడా మిగులులాగే కనిపిస్తుంది. కాబట్టి మిగులు పక్కనే ఒక గమనిక ఉండాలి: ఇందులో ఎంత ఏ పనికి, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఖర్చవుతుంది. వచ్చే ఏడాది నివేదికలో అదే గమనికను తీసి, అనుకున్నట్టు జరిగిందో లేదో చెప్పాలి. ఈ రెండో భాగాన్ని చాలామంది మర్చిపోతారు.

ఐదో మెట్టు: ఒక్కో మొక్కకు ఎంతయింది?

ఈ అంకె దగ్గరే పర్యావరణ సంస్థలు ఎక్కువగా గొప్పలు పోతాయి. ఉదాహరణకు 1,000 మొక్కలు నాటడానికి 60,000 రూపాయలు ఖర్చయిందనుకుందాం. ఒక్కో మొక్కకు 60 అని ప్రకటిస్తారు. తర్వాత మూడేళ్లలో నీళ్లు, కంచె, కాపలా, చచ్చిన చోట మళ్లీ నాటడం కలిపి ఇంకో 30,000 అవుతుంది. మూడో ఏడు చివర లెక్కపెడితే బతికినవి 600. మొత్తం 90,000ను 600తో భాగిస్తే బతికిన ఒక్కో చెట్టుకు 150. నాటిన రోజు 60, నిజంగా అయింది 150.

రెండు అంకెలూ ప్రచురించండి. 150 చూసి దాతలు పారిపోతారని భయపడేవాళ్లుంటారు. కొందరు పోతారు కూడా. కానీ 60 చెప్పిన సంస్థ, నాలుగో ఏడు ఆ స్థలానికి దాత వచ్చి చూసినప్పుడు ఏం చెబుతుంది? బతికినవాటి లెక్కను నాటిన కాంట్రాక్టరు కాకుండా వేరొకరు తీయాలి. పెద్ద స్థలమైతే అన్నీ లెక్కపెట్టనక్కర్లేదు, కొన్ని గళ్లు యాదృచ్ఛికంగా ఎంచి వాటిలో లెక్కించి, ఎన్ని గళ్లు చూశారో చెబితే చాలు.

ఒకే చెట్టును రెండుసార్లు అమ్మకండి. చెట్టును దత్తత తీసుకోండి అని విరాళాలు సేకరించిన స్థలం మీదే కార్బన్ క్రెడిట్లు (చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు లెక్కగట్టి కంపెనీలకు అమ్మే పత్రాలు) కూడా అమ్ముతుంటే ఆ సంగతి ఇద్దరికీ తెలియాలి. ఈ క్రెడిట్లను నమోదు చేసే వెరా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీల్లో ప్రాజెక్టు నమోదై ఉంటే దాని నంబరు, క్రెడిట్ల హక్కు ఎవరిది, అమ్మగా వచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్లింది, ఈ మూడూ నివేదికలో ఉండాలి.

పరిపాలన ఖర్చు గురించి కొంచెం. అది వందలో ఐదే అని చెప్పుకోవడం ఫ్యాషన్. 2013లో గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే, దాతృత్వ సంస్థల సమాచారాన్ని దాతలకు అందించే మూడు అమెరికన్ సంస్థలు కలిసి దాతలకు బహిరంగ లేఖ రాశాయి: ఈ ఒక్క శాతంతో సంస్థను తూచవద్దని. చిన్న సంస్థకు ఈ శాతం పెద్దగానే వస్తుంది. ఎందుకంటే ఎంత చిన్నదైనా ఒక అకౌంటెంట్, ఒక ఆడిట్, ఒక ఫోను తప్పవు. తగ్గించి చూపించడానికి అకౌంటెంట్ జీతాన్ని అడవుల సంరక్షణ కింద వేయడం కంటే, ఇరవై అయితే ఇరవై అని రాసి, దేనికయిందో చెప్పండి.

ఆరో మెట్టు: భూమి

డబ్బు కంటే భూమి దగ్గరే కుటుంబ ఫౌండేషన్లు ఎక్కువ ప్రశ్నలు ఎదుర్కోవాలి, ఎందుకంటే లాభం రసీదులో కనిపించదు. ఫౌండేషన్ ఖర్చుతో వాగు బాగుచేశారు. ఆ వాగు పక్కనే కుటుంబం పొలం ఉంది. నీటి మట్టం పెరిగింది, పొలం ధర పెరిగింది. ఫౌండేషన్ నుంచి కుటుంబానికి పైసా వెళ్లలేదు, అయినా లాభం వెళ్లింది. పని మంచిదే, వాగు కింద ఉన్న మిగతా రైతులకూ మేలే. చేయాల్సిందల్లా పని చేసే ప్రాంతం మ్యాపు మీద కుటుంబానికీ, సంబంధీకుల పట్టికలో ఉన్నవాళ్లకూ ఉన్న భూములను గుర్తించి చూపించడం, ఆ స్థలాన్నే ఎందుకు ఎంచుకున్నారో బయటి ట్రస్టీల చేత రాయించడం.

కొన్న భూమి ఫౌండేషన్ పేరు మీదే రిజిస్టరవ్వాలి, తాత్కాలికంగా కూడా వ్యక్తుల పేరు మీద వద్దు. కుటుంబం భూమిని దానమిస్తే విలువ కట్టే మనిషి కుటుంబానికి సంబంధం లేనివాడై ఉండాలి. విలువ పెంచి చూపి పన్ను మినహాయింపు పొందడం ఎంత పెద్ద వ్యాపారమైందంటే, అమెరికా పన్నుల శాఖ 2016 డిసెంబరులో కొన్ని రకాల సంరక్షణ హక్కుల దానాలను (భూమి మీద కట్టడాలు కట్టే హక్కును వదులుకోవడం), పెట్టుబడిదారులను చేర్చుకుని చేసేవాటిని, తనకు తప్పనిసరిగా తెలపాల్సిన లావాదేవీల జాబితాలో చేర్చింది.

ఏడో మెట్టు: గ్రాంట్ల జాబితా, పెట్టుబడుల జాబితా

ఇతర సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంటే జాబితాను స్ప్రెడ్‌షీట్‌గా పెట్టండి. బ్రిటన్‌లో 360గివింగ్ అనే సంస్థ దీనికోసం ఒక నమూనా తయారుచేసింది: గ్రాంట్ సంఖ్య, శీర్షిక, వివరణ, ఏ కరెన్సీ, ఎంత, ఇచ్చిన తేదీ, అందుకున్నది ఎవరు, ఇచ్చింది ఎవరు. ఈ గళ్లు చాలు. తిరస్కరించిన దరఖాస్తుల సంఖ్య కూడా చెబితే ఇంకా మంచిది. మనవాళ్లకే ఇస్తున్నారా అన్న సందేహానికి అది కొంత జవాబు.

మూలధనం ఎక్కడ పెట్టారన్నది పర్యావరణ సంస్థ విషయంలో ఆర్థిక ప్రశ్న మాత్రమే కాదు. వడ్డీతో నది శుభ్రం చేస్తూ, అసలును బొగ్గు కంపెనీలో పెట్టిన ఫౌండేషన్ ఏం చేస్తున్నట్టు? చమురు సంపదతో 1940లో పుట్టిన అమెరికా కుటుంబ ఫౌండేషన్ రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ 2014 సెప్టెంబరులో శిలాజ ఇంధనాల నుంచి పెట్టుబడులు ఉపసంహరించుకుంటామని ప్రకటించింది. అందరూ అలా చేయాలని కాదు. కానీ ఏయే ఫండ్లలో ఎంతుందో ఏడాదికోసారి చెప్పండి. పెట్టుబడి సలహాదారు కుటుంబ సభ్యుడైతే ఫీజుతో సహా రెండో మెట్టు పట్టికలోకి ఎక్కాలి.

ఎనిమిదో మెట్టు: చట్టం అడిగేది కనీసం మాత్రమే

మీ దేశంలో ఏ ఫారం ఎప్పుడు దాఖలు చేయాలో అకౌంటెంట్ చెబుతారు, ఆ జోలికి లోతుగా వెళ్లను. అమెరికాలో ప్రతి ప్రైవేట్ ఫౌండేషన్, ఎంత చిన్నదైనా, ఏటా పన్నుల శాఖకు 990-పీఎఫ్ అనే వార్షిక లెక్కల ఫారం దాఖలు చేయాలి. అది ఎవరైనా చూడొచ్చు. పెద్ద దాతల పేర్లు కూడా అందులో మూసిపెట్టరు. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే పోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎవరు అడిగినా తాజా లెక్కల ప్రతిని రెండు నెలల్లో ఇవ్వాలి. భారత్‌లో నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను రాయితీ దక్కదు. లెక్కల పుస్తకాలు పదేళ్లు దాచాలి.

దాఖలు చేసిన ఫారాన్నే యథాతథంగా వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోవద్దు. దాని పక్కన రెండు పేజీల మామూలు భాష వివరణ ఉండాలి. స్కాన్ చేసిన బొమ్మలుగా కాకుండా వెతకడానికి వీలుండేలా పెట్టండి. కనీసం ఐదేళ్ల లెక్కలు ఒకే పేజీలో ఉంటే పోల్చడం సులువు. ప్రచురించాక తప్పు దొరికితే పాత ఫైలును గుట్టుగా మార్చేయకండి. ఏది మార్చారో, ఎప్పుడు మార్చారో పైన రాసి కొత్తది పెట్టండి. లెక్కల గురించి అడగడానికి ఒక ఈమెయిల్, జవాబిచ్చే గడువు అదే పేజీలో ఉండాలి. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే నివేదికలో ఏదో సరిగా రాయలేదని అర్థం.

తొమ్మిదో మెట్టు: బయటపెట్టకూడనివి

అన్నీ చెప్పేయడమే పారదర్శకత అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అక్రమ మైనింగ్‌ని, కలప దొంగలని ఎదిరించే స్థానికులకు గ్రాంట్ ఇస్తే వాళ్ల పేరు, ఊరు ప్రచురించడం ప్రమాదం. పర్యావరణ రక్షకుల హత్యలను గ్లోబల్ విట్‌నెస్ సంస్థ 2012 నుంచి ఏటా నమోదు చేస్తోంది, అంటే ఇది ఊహించుకున్న భయం కాదు. అలాగే అరుదైన పక్షుల గూళ్లు, అరుదైన మొక్కలున్న కచ్చితమైన స్థలాలు వేటగాళ్లకు దారి చూపిస్తాయి. చిన్న దాతల చిరునామాలు, కూలీల బ్యాంకు వివరాలు ఎవరికీ అక్కర్లేదు.

దాచే పద్ధతి కూడా రాసి ఉండాలి. మొత్తం, సంవత్సరం, దేశం లేదా ప్రాంతం, ఏ రకం పని అన్నవి చెప్పి, భద్రత దృష్ట్యా పేరు ఇవ్వడం లేదని జాబితాలోనే రాయండి. పూర్తి వివరాలు ఆడిటర్‌కీ బయటి ట్రస్టీలకీ అందుబాటులో ఉండాలి. కుటుంబంతో సంబంధం ఉన్న చెల్లింపును మాత్రం భద్రత పేరుతో ఎన్నడూ దాచవద్దు. ఈ మినహాయింపును అలా వాడుకోవాలన్న ఆశ సహజంగానే పుడుతుంది.

పదో మెట్టు: పాత సంవత్సరాలు

ఇదంతా ఈ ఏడాది మొదలుపెడితే, గడిచిన ఏళ్ల సంగతేమిటి? అన్నీ తవ్వి తిరగరాయాలంటే చిన్న సంస్థకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. గత మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, సంబంధీకుల పట్టికతో పోల్చండి, అంతవరకు చాలు. వాటిలో కుటుంబానికి వెళ్లిన, సరైన కారణం చూపలేని చెల్లింపులుంటే తీసుకున్నవాళ్లు తిరిగి కట్టాలి. కట్టిన తేదీ, మొత్తం ఈ ఏటి లెక్కల్లో విడి వరుసగా చూపాలి. పన్ను పరిణామాలు ఉండొచ్చు కాబట్టి, కట్టే ముందు ఆడిటర్‌తో మాట్లాడండి. అంతకంటే పాత ఏళ్లకు, ఫలానా సంవత్సరం ముందు సంబంధీకుల చెల్లింపులను విడిగా నమోదు చేయలేదని లెక్కల పేజీలో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం మీద ఇంట్లో పెద్ద గొడవే జరగొచ్చు. జరిగితే నిర్ణయాన్ని బయటి ట్రస్టీలిద్దరికీ వదిలేయండి.